పన్నెండింటికి మారే పడవ

వర్లీన్ స్టాంప్స్ కుడి అరచేతిలో గేలాలు గుచ్చుకున్న మచ్చలు తొమ్మిది ఉన్నాయి. అరవై మూడేళ్ళ జీవితంలో ఆమె పట్టిన చేపలు మాత్రం మూడే. ఆ లెక్క ఎందుకు పొసగదో తెలియాలంటే ముందు వాళ్ళ పడవ సంగతి తెలియాలి.

ఇరవై రెండేళ్ళ కిందట మొగుడూ పెళ్ళాం దుకాణంలోనే పోట్లాడుకుని కొన్న పడవ అది. మొగుడు హాయిట్‌కు బాస్ చేపలు పట్టే పడవ కావాలి. ముందూ వెనకా చదునైన అరుగులు, వాటి మీద ఎత్తు కుర్చీలు, పట్టిన చేప బతికుండేందుకు నీళ్ళ తొట్టి ఉండాలి. పదేళ్ళ కూతురు మిస్టీ స్కీ చెక్కల మీద నిలబడి, పడవకి కట్టిన తాడు పట్టుకుని నీళ్ళ మీద జారాలంటుంది. వర్లీన్ కూతురి పక్షం. దుకాణంవాడు ఇద్దర్నీ చూసి, రెండు పనులూ చేసే పడవ ఒకటి చూపించాడు. ఒప్పందం అక్కడే అయిపోయింది. శనివారం పొద్దున పడవ హాయిట్‌ది, పన్నెండు దాటితే పిల్లలది. పన్నెండింటికి పడవ తనంతట తను మారదన్న సంగతి ఆ పూట ఎవరికీ తోచలేదు.

మార్చేది వర్లీన్. హాయిట్ ఇంటి రేవులో దిగి, టోపీ ముఖం మీదకి లాక్కుని ఊయల బల్ల మీద వాలేవాడు. ఆమె ఎత్తు కుర్చీలు రెండూ ఊడబీకి, గాలపు కర్రలు అరల్లో పెట్టి, తొట్టిలో చేప నీళ్ళు వదిలేసి, సబ్బుతో కడిగి, అందులోనే ఐసు పోసి కూల్‌డ్రింకులు సర్దేది. స్కీలనో గాలి ట్యూబునో లాగే తాడు కట్టే ఇనప స్తంభం నిలబెట్టి దానికి చీల బిగించేది. మెత్తలు పరిచి, నిచ్చెన తగిలించేది. అన్నిటికన్నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అరుగు మీది తివాచీనంతా అరచేత్తో తడిమేది. కొన్న ఏడాదే మిస్టీ మడమలో గేలం దిగితే డాక్టరు కోసి తీశాడు. తివాచీలో ఇరుక్కున్న గేలం కంటికి కనపడదు, చేతికే తగులుతుంది. సాయంత్రం పిల్లలు దిగాక ఇదంతా మళ్ళీ వెనక్కి మార్చాలి.

మిగతా వారమంతా ఆమె బడి వంటశాలలో ఉంటుంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా నాలుగింటికి లేచి నాలుగు వందల మంది పిల్లలకు వండుతోంది. బరువు పళ్ళేలు ఎత్తీ ఎత్తీ కుడి భుజం అరిగిపోయింది. ఈ వేసవిలో ఆమె కోరుకున్నది ఒక్కటే. ఒక్క శనివారం పడవలో కూర్చుంటే సాయంత్రం దాకా కూర్చునే ఉండాలి, మధ్యలో దాన్ని మార్చకూడదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. పైకి చెబితే చిన్న కోరికలా ఉంటుందని సిగ్గుపడింది.

జూన్ మూడో శుక్రవారం రాయిస్‌కు మూత్రపిండంలో రాయి కదిలింది. రాయిస్ అంటే పోటీల్లో హాయిట్‌కు జోడీ. ఉత్తర అలబామాలో ఆనకట్ట వెనకున్న ఈ సరస్సు మీద నెలకో శనివారం క్లబ్బు పోటీ పెడుతుంది. పడవకిద్దరు, అయిదు చేపలు, మధ్యాహ్నం మూడింటికి తూకం. తొందరున్నవాళ్ళు ముందే వేయించుకోవచ్చు. తూకం అయ్యేదాకా మూడో మనిషిని పడవెక్కించకూడదు. ఇన్నాళ్ళూ వాళ్ళు రాయిస్ పడవలో వెళ్ళేవారు. ఇప్పుడు రాయిస్ ఆసుపత్రిలో ఉన్నాడు, అతని పడవ షెడ్డులో ఉంది. హాయిట్ రాత్రి భోజనాల దగ్గర జోడీగా వస్తావా అని పెళ్ళాన్ని అడిగాడు. పడ్డవాటికే త్వరగా తూకం వేయించుకుని పన్నెండున్నరకల్లా రేవుకి వచ్చేద్దామని, మొగుడు ట్రెంట్‌నీ పిల్లల్నీ వెంటబెట్టుకొచ్చే మిస్టీకి కూడా అలాగే చెప్పానని అన్నాడు. వస్తానంది వర్లీన్. పన్నెండున్నర గురించి ఏమీ అనలేదు.

తెల్లవారకముందే బయల్దేరే చోట పడవలు గుమిగూడాయి. అన్నీ మెరిసే రంగులవి, నీళ్ళకు అంటుకుపోయినట్టు ఉంటాయి. వాటి మధ్య స్టాంప్స్ వారి పడవ గాజు తెరతో, మెత్తటి సీట్లతో ఎత్తుగా కనపడింది. తూకం వేసే డెల్బర్ట్ లైటు వేసి చూశాడు.

"ఈ సోఫాలేంటి హాయిట్, చేపల్ని కూర్చోబెట్టి కాఫీ ఇస్తావా?"

"నీకైతే ఇవ్వను," అన్నాడు హాయిట్.

పొద్దున బాగానే గడిచింది. నాచు అంచు వెంబడి హాయిట్ ముందు అరుగు మీద నిలబడి, కాలికింది మీట తొక్కుతూ చిన్న మోటారు నడిపాడు. వర్లీన్ వెనక కుర్చీలో కూర్చుని, ఎరగా రబ్బరు వానపామును గుచ్చి గాలం విసిరింది. ఎనిమిదింటికి హాయిట్‌కు రెండు పడ్డాయి. తొమ్మిది దాటాక ఆమె గాలం బరువెక్కింది. రెండు పౌన్ల చేప నోరు తెరుచుకుని పైకెగిరింది. హాయిట్ చేతివల పట్టుకొచ్చి "మెల్లగా, మెల్లగా" అన్నాడు. ఆమె మెల్లగానే ఉంది, కంగారంతా అతనిదే. పదిన్నరకు నాలుగోది పడింది. తర్వాత ఎండెక్కింది. ఇద్దరూ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ తొక్కలు సంచిలో వేశారు.

పదకొండూ నలభైకి హాయిట్ గాలం చుట్టేశాడు.

"పద, పిల్లలొచ్చేస్తారు."

వర్లీన్ ఇంకోసారి విసిరింది.

"వినపడలేదా? టైమైంది."

"తూకం మూడింటికి కదా."

"మూడింటికే. కానీ మిస్టీకి మాటిచ్చాం."

"మాటిచ్చింది నువ్వు."

హాయిట్ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. అతనికి నిజంగానే అర్థం కాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ విషయంలో తను మంచి తండ్రినని అతని నమ్మకం. క్లబ్బులో నలుగురి ముందూ చెప్పుకునేవాడు కూడా.

"చూడు వర్లీన్, పిల్లల కోసం నేను ఇరవై రెండేళ్ళు మధ్యాహ్నాలు వదులుకున్నా. ఇవాళ ఒక్కరోజు కోసం పేచీ ఎందుకు?"

"నువ్వు వదులుకున్నావు," అంది వర్లీన్. "మార్చింది నేను."

"ఏం మార్చావు?"

 వర్లీన్ తను కూర్చున్న ఎత్తు కుర్చీ కాడను మడమతో రెండుసార్లు తట్టింది. హాయిట్ ఆ కుర్చీని, గాలపు కర్రల్ని, తొట్టిని, తివాచీని చూశాడు. కాసేపటికి అతని కాలు మీట మీదకి పోయింది. పడవ మళ్ళీ నాచు వెంబడి కదిలింది.

పన్నెండూ పదికి మిస్టీ ఫోను చేసింది. వర్లీనే ఎత్తింది.

"అమ్మా, ఎక్కడున్నారు? పిల్లలు లైఫ్ జాకెట్లు వేసుక్కూర్చున్నారు. ట్రెంట్ ట్యూబులో గాలి కూడా కొట్టేశాడు."

"మూడింటికి తూకం. అయిదింటికొస్తాం."

"అయిదింటికా? అప్పటిదాకా మేమేం చెయ్యాలి?"

"రేవు దగ్గర నీళ్ళున్నాయిగా. దింపి ఈదించు. ఫ్రిజ్‌లో చికెన్ ఉంది, వేడి చేసుకోండి."

"నాన్న బలవంతం చేశాడా?"

"మీ నాన్న రేవుకి పోదామనే అన్నాడు," అని ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత మూడు గంటలూ ఎంతో ఆనందంగా గడిచాయని చెప్పడానికి లేదు. గాలి ఆగిపోయింది. సరస్సు నూనె పోసినట్టు నిలిచిపోయింది. ఒక్క చేపా ముట్టలేదు. పన్నెండున్నరకల్లా వర్లీన్ కర్ర పట్టుకునే నిద్రపోయింది. గడ్డం ఛాతీ మీదకి వాలింది, నోరు కొంచెం తెరుచుకుంది. వానపాము అడుగున మట్టిలో పడి ఉంది. హాయిట్ ఒకసారి లేపబోయి మానుకున్నాడు. పడవను ఒక చెట్టు నీడలోకి నడిపి, నీడ జరిగినప్పుడల్లా దాంతోపాటు జరుపుతూ వచ్చాడు.

తూకంలో నాలుగు చేపలకి ఏడో స్థానం వచ్చింది. ముఖం చూస్తే ఇప్పుడే నిద్రలేచినట్టుందని డెల్బర్ట్ ఆమెను ఆటపట్టించాడు. సోఫా ఉన్నది అందుకే కదా అంది వర్లీన్.

అయిదింటికి రేవు చేరారు. మిస్టీ ముఖం ముడుచుకుని ఉంది. పిల్లలు ట్యూబు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. వర్లీన్ పడవ దిగి, ఊయల బల్ల మీద కూర్చుని, బూట్లు విప్పింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. అందరూ ఒక నిమిషం ఆమె వైపే చూశారు. ఎప్పుడూ ఈపాటికి ఆమె కుర్చీ ఊడబీకుతూ ఉండేది.

హాయిట్ కూడా చూశాడు. తర్వాత పిల్లల్ని గట్టు మీదే ఉండమని, తనే తిరిగి పడవలో దిగాడు. ముందు కుర్చీ ఊడటానికి చాలాసేపు పట్టింది. స్తంభం నిలబెట్టాడు గానీ చీల దొరకలేదు.

"వర్లీన్, చీల ఎక్కడ పెడతావు?"

ఆమె లేవబోయింది. చేతులు బల్ల మీద ఆనాయి కూడా. మళ్ళీ వెనక్కి వాలింది.

"పిప్పరమెంటు డబ్బాలో. స్టీరింగు కింద."

దొరికింది. మెత్తలు తలకిందులుగా పరిచాడు. ఆమె వాటిని అలాగే ఉండనిచ్చింది. మిస్టీ కొడుకు పడవలోకి కాలు పెట్టబోతుంటే మాత్రం నోరు తెరిచింది.

"ఆగరా. హాయిట్, తివాచీ."

"చూశాను. ఏం లేదు."

"కళ్ళకి కనపడవు. చేత్తో తడుము."

ఏనాడో ఆపరేషనయిన మోకాలిని జాగ్రత్తగా మడిచి అతను అరుగు మీద కూలబడ్డాడు. అరచేయి పరిచి మెల్లగా ముందుకు తోశాడు. వెనక కుర్చీ ఉన్న చోట ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గేలం పీకి, కారిన నెత్తురు చొక్కాకి తుడుచుకుని, గట్టు మీదున్న ఆమెకు చూపించాడు.

"ఆ మూల కూడా చూడు," అంది వర్లీన్. కళ్ళు మూసుకుంది.