వీపు బొమ్మలు

నేను బొమ్మ గీస్తే మనిషి మిగలడని తాండూరులో మా వీధి మొత్తానికీ నమ్మకం. నవ్వొస్తే నవ్వుకోండి. మొదట్లో నేనూ నవ్వుకున్నాను.

అది తాతతో మొదలైంది. తాతకు కెమెరా అంటే పడదు. ఆయనకున్న ఒకే ఒక్క ఫోటో ఆధార్ కార్డు మీదిది. అందులో కళ్ళు సగం మూసుకుని, ఎవరో నిద్రలోంచి లేపుకొచ్చి కూర్చోబెట్టినట్టు ఉంటాడు. నేను హైదరాబాద్‌లో పెయింటింగ్ డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిన రోజుల్లో, మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద కూర్చున్న తాత ముఖం పెన్సిల్‌తో గీశాను. పాపం, గీసినంతసేపూ కదలకుండా కూర్చున్నాడు. చూసుకుని, "అచ్చం నా లెక్కనే ఉన్నది గని ముక్కు జర పెద్దగ గీసినవ్" అన్నాడు. ఆ వారంలోనే పోయాడు. దినాలకు పెట్టడానికి ఇంట్లో ఫోటో లేదు. బాపు, అంటే మా నాన్న, నా బొమ్మను తీసుకుపోయి స్టూడియోలో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాడు. నా పెన్సిల్ గీతలకు బంతిపూల దండ వేశారు. వచ్చినవాళ్ళందరూ దానికి దండం పెట్టి, పోతూ పోతూ నా వైపు ఒకసారి చూసిపోయారు.

అంతటితో ఆగితే బాగుండేది. మాకు చిన్న పప్పు మిల్లు ఉంది. అందులో మూటలు మోసే హమాలీ ఒకాయన కందుల సంచుల మీద ఒళ్ళు మరిచి నిద్రపోతుంటే గీశాను. కొన్నాళ్ళకు కరణ్‌కోట పోయే దారిలో ఆయన బండిని లారీ గుద్దింది, అక్కడే పోయాడు. లారీ గుద్దడానికీ నా పెన్సిల్‌కీ ఏం సంబంధమని అడిగితే ఎవరూ జవాబు చెప్పరు. చెప్పరు గానీ, నేను బొమ్మల పుస్తకం పట్టుకుని బయటికొస్తే పక్కింటామె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. కూరగాయలామె, "నన్ను మాత్రం గియ్యకు తల్లీ, నీకు దండం పెడ్త" అని గుప్పెడు కొత్తిమీర ఎక్కువేసేది. ఆ కొత్తిమీర ఇంటికి తేవాలంటే నాకు ఒళ్ళు మండేది. తెచ్చేదాన్ని అనుకోండి.

ఇలాంటి పేరు మోసిన దాన్ని, దూరాన వేరే రాష్ట్రంలో ఉన్న ఒక ఆర్ట్ కాలేజీలో పీజీకి దరఖాస్తు పెట్టాను. మొదటి ఏడాది తలుపులూ, మేకలూ, షాబాద్ బండలు పేర్చిన గోడలూ గీసి పంపాను. మనుషులెక్కడ అని అడిగి వెనక్కి పంపారు. నా దగ్గర కూర్చునే మనుషులు ఉంటే కదా. రెండో ఏడాది వాళ్ళే స్పష్టంగా రాశారు, రోజూ మీ కళ్ళ ముందు ఉండే ఒక్క మనిషిని నెలల తరబడి చూసి గీసిన బొమ్మలు పంపాలని. ఈసారి కూడా రాకపోతే ఇంక ఆ మాట ఎత్తకుండా మిల్లులో కూర్చుంటానని ఇంట్లో ఒప్పుకున్నాను. అందుకని బాపును అడిగాను.

మా బాపు వ్యాపారస్తుడు. దేనికైనా ముందు వద్దంటాడు, తర్వాత బేరంలోకి దిగుతాడు.

"నేను పోతే మిల్లు ఎవలు నడపాలె?" అన్నాడు.

"నువ్వు గూడ గా ముచ్చట నమ్ముతున్నవా బాపూ?"

"నమ్ముత లేను. గని ఎందుకొచ్చిన లొల్లి? ముఖం వద్దు. ఎన్కనుంచి ఎంతన్న గీసుకో, నేనేమన."

"వీపు గీస్తే ఏం గాదా?"

"వీపుకు ఏమైతది? దండ ముఖానికే కద ఏసేది" అని గల్లా పెట్టె మూసి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బేరం మాత్రం కుదిరింది.

అలా కొత్త కందులు దిగే చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా మా బాపు వీపు గీశాను. గద్దె మీద కూర్చున్న వీపు, తూకం చూడటానికి వంగిన వీపు, బనీనులో ఉన్న వీపు, పప్పు దుమ్ము పడిన తెల్ల చొక్కా వీపు. మొదటి బొమ్మల్లో ఏమీ లేదు, బరువైన ఒక ముద్ద, మెడ దగ్గర ఒక మడత, అంతే. చూస్తే నాకే విసుగొచ్చేది. రానురాను బొమ్మల్లో జీవం వచ్చింది. భుజం ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో తెలిసింది. చొక్కా ముడతలు లోతుగా, అందంగా పడ్డాయి. వెన్నుపూస వరస చీకటీ వెలుతురుగా పలికింది. నా చెయ్యి తిరిగిందని పొంగిపోయాను. ఒకరోజు అమ్మ వాటిలో ఒక బొమ్మ తీసి చూసి, నేల మీద బోర్లించి వంటింట్లోకి పోయింది. కన్నతల్లికి కూడా నా చేతి మీద అనుమానమే అని ఆ పూట అన్నం తినకుండా అలిగాను.

ఆ వేసవిలో బాపుకు వికారాబాద్‌లో పనులు ఎక్కువయ్యాయి. పొద్దున రైలుకు పోయి సాయంత్రానికి వచ్చేవాడు. ఏం పనులంటే మార్కెట్ పని అనేవాడు. తాండూరు కందులు కొనడానికి ఊరూరి నుంచి తాండూరుకే వస్తుంటే, తాండూరు మనిషికి వికారాబాద్‌లో ఏం మార్కెట్ పనో. నా ధ్యాసంతా కాలేజీ మీదే ఉంది.

నా బొమ్మలు కాలేజీవాళ్ళకు నచ్చాయి. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో అన్నారు. మా ఇంట్లో కరెంటు పోతే నెట్ కూడా పోతుంది కాబట్టి, వికారాబాద్‌లో మా మేనత్త ఇంటికి పోదామన్నాడు బాపు. "నాకు గూడ ఆడ జర పనుంది, నిన్ను దింపి పోత" అన్నాడు. అత్త ఇంటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే అనంతగిరి వైపు పోయే ఆటో ఎక్కాడు. అత్త ఆ ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. ఇద్దరు మగవాళ్ళు, ఒక నెరిసిన జుట్టు ఆమె. ఆమే ఎక్కువ మాట్లాడింది, హిందీలో. ఇన్ని నెలలు ఒకే మనిషిని గీసి ముఖం ఒక్కసారి కూడా ఎందుకు గీయలేదని అడిగింది. దాచకుండా చెప్పేశాను, తాత సంగతీ, హమాలీ సంగతీ, దండ సంగతీ. మగవాళ్ళిద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ముఖం లేకపోతే పని సగంలో ఉన్నట్టే. ఆయన ముఖం గీసి సోమవారంలోగా పంపు. అది చూశాకే సీటు సంగతి చెప్తాం" అంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. బాపు ముఖం ఇవ్వడు. రెండేళ్ళ కష్టం ఒక ముఖం దగ్గర ఆగిపోయింది. సరే మేడమ్ అని సెలవు తీసుకోబోతుంటే, మిగతా ఇద్దరూ తెర మీద నుంచి వెళ్ళిపోయాక ఆమె ఇంకొక మాట అడిగింది.

"మీ నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉంది?"

"బాగానే ఉన్నారు."

"మంచిది. మొదటి బొమ్మా చివరి బొమ్మా పక్కపక్కన పెట్టి ఒకసారి చూసుకో" అంది. తెర ఆరిపోయింది.

బొమ్మలు వెంట తెచ్చుకున్నాను. అత్త ఇంటి నేల మీద ఆ రెండూ పక్కపక్కన పెట్టాను. రెండింటిలోనూ అదే తెల్ల చొక్కా. మొదటిదాంట్లో భుజం కుట్టు భుజం మీదే ఉంది. చివరిదాంట్లో అది జారి చేతి మీదికి వచ్చింది. కాలరుకూ మెడకూ మధ్య నా వేళ్ళు నాలుగూ దూరేంత సందు. అది నేనే గీశాను. నీడ బాగా కుదిరిందని మురిసిపోయి, కింద సంతకం కూడా పెట్టుకున్నాను. నా చెయ్యి తిరగడం కాదు, మా బాపు నా కళ్ళ ముందే కరిగిపోతున్నాడు.

అత్త వంటింట్లో బెండకాయలు కోస్తోంది.

"అత్తా, బాపుకేమైంది?"

కత్తి ఆగింది. "నన్నడగకు కోడలా" అంది తలెత్తకుండా.

"ఆటోల ఏడికి పోయిండు?"

"దవఖానకు. నీ పరీక్ష అయ్యేదాక చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. మీ అమ్మతోని గూడ" అని మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. కోసిన బెండకాయలనే మళ్ళీ సన్నగా కోస్తూ కూర్చుంది.

బాపు మూడు దాటాక వచ్చాడు. అంత ఎండలోనూ చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకున్నాడు. నీళ్ళ గ్లాసు ఎత్తినప్పుడు పలచటి గుడ్డ కింద మోచేతి మడత దగ్గర దూది, దాని మీద పట్టీ కనిపించాయి.

"ఎట్లయింది బిడ్డ?"

"అయింది."

"ఏమన్నరు?"

"రైల్ల చెప్త."

తాండూరు మీదుగా కలబురగి పోయే ప్యాసింజరులో కిటికీ పక్కన ఎదురెదురుగా సీట్లు దొరికాయి. నా పక్కన ఒక కన్నడం ఆమె బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పడమటి ఎండ సూటిగా బాపు ముఖం మీద పడుతోంది. ఎన్నాళ్ళయిందో ఆ ముఖాన్ని అలా చూసి. సగం ఏడాది ఆయన వీపు వెనకే కూర్చున్నాను కదా. చెంపలు లోపలికి పోయాయి. కళ్ళ కింద నలుపు. బొమ్మ గీసేవాళ్ళకు ఇంతకంటే మంచి వెలుతురు దొరకదు. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

ఏమైందని అడగాలి. కానీ కాలేజీ సంగతే ఎత్తుకున్నాను.

"నీ ముఖం గావాల్నట. సోమారం లోపల పంపితెనే సీటు."

బాపు కిటికీ వైపు తిరిగాడు.

"నువ్వొద్దంటె వద్దు. నేను మిల్లుల కూసుంట. నాకేం ఫికర్ లేదు" అన్నాను. నిజంగానే అన్నాను. మూడు రోజుల కిందైతే ఇదే బాపు కాళ్ళావేళ్ళా పడైనా ఒప్పించేదాన్ని. ఇప్పుడు ఆయన వద్దనాలని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుతున్నాను. ఎప్పటిలా విసుక్కోవాలి, నేను పోతే మిల్లు ఎవలు నడపాలె అనాలి. భయపడాలి. భయపడితే ఇంకా ఆశ ఉన్నట్టే.

ధారూర్ స్టేషన్ దాటింది. బాపు కిటికీలోంచి ముఖం తిప్పి నన్ను చూశాడు.

"గీయి" అన్నాడు.

"ముఖం బాపూ. వీపు గాదు."

"ఇన్నలే. గీయి."

"ఇంటికి పోయినంక సూద్దం."

"ఇప్పుడే గీయి. రేపటికి ఇంత గూడ ఉండదేమో" అని చెంప తడుముకున్నాడు. తర్వాత, హమాలీలకు సంచి గట్టిగా కుట్టమని చెప్పే గొంతుతోనే అన్నాడు, "గీతలు జర దిట్టంగ గీయి. పెద్దగ చేపించినప్పుడు చెదిరిపోవద్దు."

"పిచ్చి మాటలు మాట్లాడకు" అని అరిచాను. కన్నడం ఆమె ఉలిక్కిపడి బుట్ట పట్టుకుంది. నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. బాపు నా సంచిలోంచి బొమ్మల పుస్తకం తనే తీసి, ఖాళీ పేజీ చూసి నా ఒళ్ళో పెట్టాడు.

"తాతది ముక్కు పెద్దగ గీసినవ్. నాది సరిగ్గ రావాలె."

ముక్కు దగ్గరే మొదలుపెట్టాను. పెద్దగా వస్తే చెరిపి, మళ్ళీ గీశాను. కాసేపటికి పక్కనామె ఒంగి పేజీలోకి చూసి, బాపు వైపు చూసి, "చెన్నాగిదె" అంది, బాగుందని. మా వీధి సంగతి ఆమెకు తెలియదు. ఎండ కళ్ళలో పడుతున్నా, తాండూరు వచ్చేదాకా బాపు కదల్లేదు.