డెలానీపూర్ వాల్వు దగ్గర పైడమ్మ

2005. సునామీ వచ్చి అప్పటికి ఏడాది తిరగలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో డెలానీపూర్ ఏటవాలు మీద నాలుగు సందులకి నీళ్ళు వదలడం నా ఉద్యోగం. నీళ్ళు వదలడం కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్వకండి. ఆ సందుల్లో పక్కింటివాళ్ళ పేరు తెలియనివాళ్ళున్నారు గానీ నేను తెలియనివాళ్ళు లేరు. పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదనుకోండి. అందరికీ పానీవాలా భయ్యానే.

మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్ళు మా ఊరు చూసి "ఇదీ ఒక సిటీయేనా" అని మూతి తిప్పుతారు. కింది దీవుల నుంచి రెండేసి రోజులు ఓడలో వచ్చి దిగేవాళ్ళకి మాత్రం ఇదే మహానగరం. మహానగరానికి ఉండవలసిన వింతలన్నీ ఉన్నాయి లెండి. ఏ కిటికీ తీసినా సముద్రం, ఏ కుళాయి తిప్పినా గాలి. రోజు విడిచి రోజు గంటసేపు నీళ్ళు. "బాగున్నారా" అని అడగరు, "మీకు నీళ్ళొచ్చాయా" అని అడుగుతారు. పెళ్ళికి ముహూర్తం పంతులుగారు పెడితే, అది నీళ్ళొచ్చే రోజేనా అని నన్ను అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఇక టుల్లు పంపు. లైనుకి తగిలించి పక్కవాళ్ళ వాటా కూడా లాగేసే చిన్న మోటారు అది. ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఎవరికీ ఉండదు. నేను గుమ్మంలోకి వెళ్తే దాని మీద గోనెసంచి కప్పేసి, "మాకెందుకు భయ్యా అలాంటివి" అనేవారు.

వాటన్నిటికంటే పెద్ద వింత ఇంకోటుంది. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియాలని అందరూ ముందురోజు సాయంత్రమే కుళాయిలు తిప్పి వదిలేసి, కింద ఖాళీ బకెట్ పెట్టుకుంటారు. రెండు రోజులు ఎండిన పైపులో గాలి నిండి ఉంటుంది. నేను పైన వాల్వు తెరవగానే నీళ్ళు ఆ గాలిని తోసుకుంటూ వస్తాయి. ముందు సన్నగా బుస్సుమంటుంది. తర్వాత సందు సందంతా ఒక్కసారి హోరుమంటుంది. జనానికి అదే అలారం.

మా దీవుల్లో గడియారం ఢిల్లీది, సూర్యుడు మాత్రం మావాడు. అయిదింటికల్లా తెల్లగా తెల్లారిపోతుంది. ఆ వేళకి హార్బర్ మీద మంచు పరుచుకుని ఉండేది. అవతల హోప్ టౌన్ కొండలు కింద నేల లేనట్టు గాల్లో తేలుతూ కనపడేవి. నేను ఏటవాలు పైన వాల్వు చాంబర్ మూత తీసి, చాబీ దింపి నిలబడేవాణ్ణి. చాబీ అంటే నడుమెత్తు ఇనపకడ్డీ, పైన అడ్డంగా పిడి. దాన్ని పట్టుకుని నిలబడితే నిద్ర నాదో సందుదో తెలిసేది కాదు. నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన ఘడియ అదే.

ఆ ఘడియలోనే పైడమ్మని చూశాను. నేను వాల్వు తిప్పాను. కింద హోరు మొదలైంది. జనమంతా బకెట్లు పట్టుకుని కుళాయిల దగ్గరికి పరుగు. ఒక్క ముసలావిడ మాత్రం చెప్పుల్లేకుండా, కొంగు జారిపోతుంటే, పైకి పరుగెత్తుకొస్తోంది. మంచులోంచి అలా వస్తుంటే ముందు ఇది నిజమా కలా అనుకున్నాను. నా పక్కనుంచి దాటి మెయిన్ రోడ్డెక్కేసింది. వెనకాలే ఆవిడ కూతురు లక్ష్మి, "అమ్మా, రుక్ జా! నీళ్ళే అమ్మా, కుళాయి నీళ్ళే!" అని అరుస్తూ వచ్చింది.

లక్ష్మి ఏదో ఆఫీసులో క్లర్కు. మూడో సందులో క్వార్టరు. పైడమ్మది కింది దీవుల్లో చివరనున్న క్యాంప్‌బెల్ బే. మొగుణ్ణీ, ఇంటినీ, కొబ్బరితోటనీ ఆవిడ కళ్ళ ముందే ఒక పొద్దుటిపూట సముద్రం పట్టుకుపోయింది. కూతురు తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. పగలంతా బాగానే ఉండేదట. బియ్యం ఏరేది, మనవరాలికి జడ వేసేది. ఆ హోరు వినబడితే మాత్రం కాళ్ళు ఆగేవి కావు.

"భయ్యా, జరా ధీరే సే... కొంచెం మెల్లగా తిప్పరా?" అని లక్ష్మి బతిమాలింది.

సరేనని పావు తిప్పు తిప్పి ఆగడం, మళ్ళీ పావు తిప్పి ఆగడం మొదలుపెట్టాను. హోరు తగ్గింది. కానీ అలా సన్నగా వచ్చిన నీళ్ళన్నీ ముందిళ్ళ టుల్లు పంపులు తాగేశాయి. చివరి ఇళ్ళకి చుక్క లేదు. ఖాళీ బకెట్లు తెచ్చి నా ముందు బోర్లించారు. మా జూనియర్ ఇంజినీర్ పిలిచి, "ఏమయ్యా, ఇన్నేళ్ళొచ్చాక వాల్వు తిప్పడం మర్చిపోయావా?" అన్నాడు. హోరు రాకుండా కుళాయిలు కట్టేసుకోండి, నేనే వచ్చి తలుపు కొడతానని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అందరూ తలూపారు. ఒక్కరూ కట్టలేదు. చేసేది లేక మళ్ళీ పాత పద్ధతిలోనే తిప్పాను.

ఆ రోజు పైడమ్మ రోడ్డు మీద బస్సుకి అడ్డం పడింది. డ్రైవర్ బ్రేకు వేశాడు గనక బతికింది. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. ఆ హోరు పంపింది నేనే కదా.

మర్నాటికల్లా లక్ష్మి నిర్ణయానికి వచ్చేసింది. పది రోజుల్లో ఓడ ఉంది, తల్లిని వైజాగ్‌లో అన్నగారింటికి పంపేస్తుంది. "నాకు మాత్రం ఇష్టమా భయ్యా? ఇక్కడుంటే బస్సు కింద పడి పోతుంది" అని గుమ్మంలోనే ఏడ్చింది. లోపల్నుంచి పైడమ్మ, "నానెక్కనే తల్లీ. మూడు రోజులు ఆ సముద్రం మీద నన్నుంచకే. ఈ మూలే పడుంటాను" అంటోంది. నేను వినలేక వచ్చేశాను.

మర్నాడు నీళ్ళ రోజు. వాల్వు సగం తిప్పానో లేదో, కట్టుకట్టిన నుదురుతో మళ్ళీ వచ్చేసింది. ఈసారి పరుగెత్తే ఓపిక లేదు. చాంబర్ పక్కన గట్టు మీద కూలబడింది. రొప్పుతూనే అడిగింది.

"ఎక్కడి దాకా వస్తాది బాబూ అది?"

"ఎక్కడికీ రాదు పెద్దమ్మా. నేను తిప్పితే వస్తుంది, కట్టేస్తే ఆగిపోతుంది."

ఆవిడ నా మొహం చూసింది, చాబీ వంక చూసింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"నువ్వా? ఇన్నాళ్ళూ ఆ సప్పుడు పంపుతున్నది నువ్వా? నీ సేతులిరిగిపోను! ముసిలిదాన్ని ఇలా పరిగెట్టిస్తావేటిరా?"

ఒక పక్క తిట్లు పడుతున్నాయి, ఇంకో పక్క నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ఇన్నాళ్ళూ అది తనంతట తనే వస్తోందనుకుంది! క్యాంప్‌బెల్ బేలో వాగు నీళ్ళు తెచ్చుకున్న మనిషి, వాల్వు ఎక్కడ చూసింది? సిటీవాళ్ళం, మనకి తెలిసింది లోకానికంతా తెలుసనుకుంటాం.

వాల్వు కట్టేశాను. కింద హోరు ఆగింది. "రా పెద్దమ్మా, నువ్వే తిప్పు" అని చాబీ పిడి ఆవిడ చేతికిచ్చాను. బయటివాళ్ళు చాబీ ముట్టుకోకూడదని రూలు. ఎవరైనా చెబితే నా ఉద్యోగానికే మోసం. పోతే పోయిందనుకున్నాను.

రెండు చేతులా పట్టుకుని తిప్పింది. కింద బుస్సుమంది. ఆవిడ పిడి వదిలేసి లేవబోయింది. "వద్దనుకుంటే వెనక్కి తిప్పెయ్" అన్నాను. గబగబా తిప్పేసింది. ఆగింది. కాసేపు చెవి ఒగ్గి విని మళ్ళీ తిప్పింది. బుస్సు. మళ్ళీ కట్టింది. మళ్ళీ నిశ్శబ్దం. అలా నాలుగుసార్లో అయిదుసార్లో.

ఈలోగా కింద అల్లకల్లోలం. లుంగీ కట్టుకున్న మొదటి సందు ఆఫీసరుగారు బకెట్‌తో సహా ఎక్కొచ్చి, "క్యా తమాషా హై యే?" అని అరిచాడు. వెనకాల ఇంకో పదిమంది. తల్లి వెనకాలే వచ్చిన లక్ష్మి వాళ్ళకి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. "ఒక్క అయిదు నిమిషాలు సార్. మా అమ్మ నీళ్ళు వదులుతోంది." ఆఫీసరుగారు పైడమ్మ నుదుటి కట్టు చూశాడు, చాబీ చూశాడు. ఏమనుకున్నాడో, బకెట్ కింద పెట్టి ఊరుకున్నాడు. ఆయన ఊరుకోవడం నేను చూడ్డం అదే మొదలు, అదే ఆఖరు.

చివరికి పైడమ్మ వాల్వు పూర్తిగా తెరిచింది. సందంతా హోరుమంది. ఆవిడ కదలలేదు. పిడి మీద చేతులు అలాగే ఉంచి, హార్బర్ వైపు చూస్తూ, నాతో కాదు, తనలో తనే అంది.

"ఆ రోజు దానిక్కూడా ఒక చాబీ ఉండుంటే, మా ఆయన్ని ఒడ్డుకి రానిచ్చి కట్టేద్దును."

లక్ష్మి తల్లి భుజం మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి. ఆ ఓడ పైడమ్మ లేకుండానే వెళ్ళింది.

ఈ పనిలో నాకు ప్రెషర్లు తెలుసు, లీకులు తెలుసు, ఎవరింట్లో ఎన్ని డ్రమ్ములున్నాయో తెలుసు. నేను పంపే చప్పుడు ఏ ఇంట్లో ఎలా వినపడుతుందో మాత్రం ఆవిడ వచ్చేదాకా ఎప్పుడూ ఆలోచించలేదు. రిటైరయ్యేదాకా నా పద్ధతి ఒకటే. మొదటి తిప్పు తిప్పి ఆగేవాణ్ణి. కింద నుంచి ఎవరైనా పైకి పరుగెత్తుకొస్తున్నారేమో చూసేవాణ్ణి. ఎవరూ రాకపోతేనే రెండో తిప్పు.