మామ పూడ్చిన కిటికీ

ఇయ్యాల పొద్దుగాల గద్వాలల మా మామ ఇంటికి పోయి గోడ చూసేసరికి నాకు కడుపు మండింది.

అత్తకు ఎండకాలం సంది దగ్గు. గాలి ఆడని ఇంట్ల ఉంటే ఈ దగ్గు తగ్గదని దవాఖానల డాక్టరు చెప్తే, పోయిన నెల నేనే గడ్డపార పట్టి ఆ గోడకు కిటికీ పొడిచిన. చేతులకు పొక్కులొచ్చినయ్. ఇప్పుడు ఆ కిటికీ లేదు. మట్టితోని పూడ్చి, పైన నున్నగ అలికిన్రు.

ఉన్నది ఒక్కటే అర్ర. మగ్గం అండ్లనే, పడక అండ్లనే.

"ఏంది మామా, గిట్ల చేసినవ్?" అన్న.

మామ మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని నేస్తుండు. తల ఎత్తలే. "గాలి తగిలితే పడుగు దారం ఎండుతుంది. పట్టు పోగులు పటపట తెగుతున్నయ్. మగ్గానికి చెమ్మ ఉండాలె. ఈ చీర మగ్గం దిగినంక మల్ల తీస్త తియ్యి."

"ఇది దిగితే ఇంకోటి ఎక్కదా?"

అప్పుడే మూల చీకట్ల నుంచి దగ్గు వినొచ్చింది.

"సూడు, అత్తకు ఇంకా తగ్గనే లేదు" అన్న.

"మీ అత్త నీళ్లకు పోయింది" అన్నడు మామ.

మూలకు పోయి చూసిన. దూలానికి కట్టిన తొట్టెల కదులుతుంది. అండ్ల, కానుపుకొచ్చిన మామ బిడ్డ కన్న మూడు నెలల పసిగుడ్డు.

ఇంటికొచ్చి గడ్డపార తీసి గడప కాడ పెట్టుకున్న. మల్ల కిటికీ పొడిస్తే చీర పోతది. చీర పోతే ఆ ఇంట్ల పొయ్యి వెలగదు.

మీరైతే పొడుస్తరా?