అక్క అడిగిన చెరువు

అమీర్‌పేటలో డెమో క్లాసుకు ఫీజు ఉండదు. మూడు రోజులు ఊరికే కూర్చోవచ్చు. నచ్చితే చేరొచ్చు, లేదంటే ఎదుటి బిల్డింగులో ఇంకో ఇన్‌స్టిట్యూట్ ఉండనే ఉంటుంది. నేనూ మా అక్కా రష్యన్ భాష ఈ పద్ధతిలోనే నేర్చుకున్నాం. మూడు చోట్ల తొమ్మిది రోజులు తిరిగాం, మూడు చోట్లా మొదటి పాఠాలే. "ఇది పెన్ను. ఇది కిటికీ. ఆయన డాక్టరా? కాదు, ఇంజనీరు." "ఎప్పుడు" అనే మాట నాలుగో రోజు వస్తుందట, ఫీజు కట్టాక. మాకు దాని అవసరం కనిపించలేదు.

మాస్కోలో ఎక్కితే ఆ దేశం తూర్పు అంచుదాకా ఏడు రోజుల రైలు. ఇద్దరం పోవాలన్నది మా అక్క కోరిక. ఆమె మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆఫీసులో ముప్పై ఏళ్ళు టైపు కొట్టింది. సీటుకెదురుగా గోడ మీద పాత క్యాలెండర్, దాని మీద ఆ రైలు దారిలోనే వచ్చే బైకాల్ సరస్సు బొమ్మ. నెలలు ఎప్పుడో చినిగిపోయినా బొమ్మను ఎవరూ తియ్యలేదు. అది ఎంత సముద్రమంత ఉన్నా మా అక్కకు చెరువే. "రిటైరయినంక గా చెరువు చూడాలె" అనేది. తీరా టికెట్లు కొన్నాక, తొమ్మిదో డెమో క్లాసు నుంచి దిగుతూ మెట్ల మీద జారింది. మోకాలికి ఆపరేషన్ అయింది.

"నువ్వు పో తమ్మీ. అంతా చూసొచ్చి రోజుకో రోజు చొప్పున నాకు చెప్పు. గానీ గీ ఒక్కసారి ఏం కలపకు."

లేనిపోనివి కలుపుతానని పంజగుట్ట చాయ్ దుకాణంలో అందరికీ తెలుసు. బేగంపేటలో కదులుతున్న విమానాన్ని చెయ్యెత్తి ఆపానని చెప్పి రెండు చాయ్‌లు సంపాదించినవాణ్ణి. అయినా అక్క మోకాలి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను.

"ఇంకోటి. చేతి గడియారం మార్చకు. ఇక్కడ నాలుగ్గొడితే నేను చాయ్ తాగుత. నీ గడియారంల నాలుగైతే నువ్వు తాగు. ఇద్దరం కలిసి తాగినట్లుంటది."

రైల్లో మొదటి రోజు కిటికీ నిండా తెల్ల బెరడు చెట్లు. రెండో రోజూ అవే. మూడో రోజుకు చెట్లు నిలబడి ఉన్నాయో, నేనే నిలబడి ఉంటే అవి నడిచిపోతున్నాయో తెలియని స్థితి వచ్చింది. ఎదురు బెర్తులో ఒక ముసలావిడ. నేను "ఇది కిటికీ" అనేవాణ్ణి. ఆవిడ ఆలోచించి, అవునని తలూపేది. ఇద్దరం బయటికి చూసేవాళ్ళం. మూడు రోజుల్లో మా మధ్య ఒక్క మాట తేడా రాలేదు. నా గడియారంలో నాలుగయ్యేసరికి బయట రోజుకింత వెలుగు తగ్గి ఉండేది. పెట్టె చివర మరిగే నీళ్ళతో చాయ్ కలుపుకుని, పంజగుట్టలో అక్క కప్పు ఎత్తి ఉంటుందనుకుని నేనూ ఎత్తేవాణ్ణి. పొద్దు మాత్రం రోజురోజుకూ నా గడియారం కంటే ముందే లేచేది. నేను దుప్పటి ముసుగేసుకుని గడియారం మాటే వినేవాణ్ణి.

మూడో రోజు రాత్రి, మా రైలు పెట్టె చూసుకునే ఆమెకు నేను వెంట తెచ్చుకున్న సరస్సు బొమ్మ చూపించాను. "ఎప్పుడు" అని అడగడానికి మాట లేదు కాబట్టి గడియారం మీద వేలితో కొట్టాను. ఆమె కాగితం మీద 7 అని రాసింది. మర్నాడు నేను నా గడియారంలో ఆరున్నరకు లేచి, మొహం కడిగి, తల దువ్వుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఏడయింది. ఏడున్నరయింది. చెట్లే. మళ్ళీ బొమ్మ పట్టుకుపోతే ఆమె రైలు వెనక్కి చెయ్యి చూపించింది. అక్కడ అప్పటికి పది. ఆమె రాసింది అక్కడి ఏడు. నేను కూర్చున్నది పంజగుట్ట ఏడు కోసం.

తిరిగొచ్చాక రోజూ నాలుగింటికి అక్క ఫ్లాట్‌లో కథ. మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు పోయేసరికి ఆమె మంచి చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

నా దగ్గర చెరువు సిద్ధంగానే ఉంది. విమానంలో కూర్చుని తయారు చేసుకున్నాను. అలలు, పడవలు, ఒడ్డున గుర్రాలు. నోరు తెరిచాను. ఆ చీర చూసి మూసుకున్నాను.

"నిద్రపోయిన అక్కా."

"నీ నాటకాలు నా కాడ నడవయ్. చెరువు చెప్పు."

"నిజంగ. లేచేవరకు పోయింది."

ఆమె చాయ్ కప్పు పక్కన పెట్టింది. కిటికీ బయట మెట్రో ఒకటి అమీర్‌పేట వైపు పోయింది.

"గంత దూరం పోయి పండుకున్నవా? టైం చూసుకోలేదా?"

"గడియారం..." అని ఆగిపోయాను. "చూసుకునుడు మర్చిన."

ఆ మొత్తం ప్రయాణంలో నేను కలిపింది అదొక్కటే.

చాయ్ మీద మీగడ కట్టింది. "ఏం కండ్ల పడలేదా? జరంత గూడ?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున, నేను ఆరున్నరకు లేవకముందే, ఒకసారి దుప్పటి జారి కళ్ళు సగం తెరుచుకున్నాయి. పెట్టె పైకప్పు మీద వెలుగు కదులుతోంది. ఎండలో పెట్టిన నీళ్ళ బిందె గోడ మీద వేసే వెలుగులాంటిది, కానీ కప్పంతా. ముసలావిడ కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి కూర్చుంది, ఆమె చెంప మీద కూడా అదే వెలుగు. కల అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

అంతే చెప్పాను. ఇది కూడా కలిపిందే అంటుందని నాకు భయం.

"ఏం రంగు?" అంది.

"తెలుపు. నడుమ నడుమ జర పచ్చగ."

"ఆగి ఉన్నదా, కదిలిందా?"

"కదిలింది. రైలు ఎంత ఉరికినా మా మీదికెల్లి పోలే."

అక్క కుర్చీలో వెనక్కి వాలి, తన గది పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయింది. నేను లేవబోతే చెయ్యి పట్టుకుంది.

"రేపు ఐదో రోజు చెప్పకు తమ్మీ. ఇంకో రోజు గీడ్నే ఉందాం."