మిషను తిరుగుతుంటే దండం వద్దు

మా ఉస్తాద్ పోయారని మొన్న కోదాడ నుంచి వడ్ల బండితో వచ్చిన మనిషి చెప్పాడు. మిర్యాలగూడ మిల్లులో నేను ఇంజను ఆపి, దాని బెల్టు పట్టా నిలిచేదాకా ఆగి, అప్పుడు ఏడ్చాను. ఆ వరస నేర్పింది కూడా ఆయనే.

సూర్యాపేట వడ్రంగం బడిలో ఆయన మాకు కోత మిషను నేర్పేవారు. ఆయిల్ ఇంజనుతో తిరిగే గుండ్రని రంపం అది. షెడ్డులోకి రాగానే భుజం మీది రుమాలు తీసి మేకుకు తగిలించాలి, ధోవతి ఎగ్గట్టాలి. రంపపు పొట్టును చేత్తో ఊడిస్తే ఇక తిట్లే తిట్లు. "మీ అవ్వ నీకు వేళ్లు ఊకెనే ఇచ్చిందనుకున్నవా?" అనేవారు. ఆ నోటికి జడవనివాడు మాలో లేడు. కానీ మధ్యాహ్నం తన సద్దిలోని మామిడికాయ తొక్కు అందరికీ పంచితే గాని ఆయన ముద్ద ముట్టేవారు కాదు.

ఎంత చెప్పినా మాకు ఎక్కని పాఠం ఒకటుండేది. దొర కనబడితే మా చేతులు వాటంతటవే లేచేవి. పుట్టినప్పటి అలవాటు, ఎక్కడికి పోతుంది? "మిషనుకు దొర తెల్వదు, జీతగాడు తెల్వదు. అది తిరుగుతుంటె దేవుడొచ్చినా దండం పెట్టొద్దు" అనేవారు.

ఒకనాడు ఆ షెడ్డు కట్టించిన దొరే వచ్చాడు. నేను టేకు చెక్కను రంపానికి తోస్తున్నాను. చేతులు లేవబోయాయి.

"చెయ్యి తియ్యకు!" ఉస్తాద్ అరిచారు.

నేను తియ్యలేదు. ఆయన ఇంజను ఆపి, రంపం పూర్తిగా నిలిచాక, దొర ముందుకు వెళ్లి వంగి దండం పెట్టారు.

"ఇంతసేపటికా?" అన్నాడు దొర.

"చేతులుంటెనే కద దొరా, దండం పెట్టేది."

మర్నాడే ఆయన కొలువు ఊడింది. ఇంట్లో ముసలి తల్లి, చిన్న పిల్లలు. అటు తర్వాత కోదాడలో తలుపులు, కిటికీలు చేసుకుంటూ బతికారు. దొర ఇప్పుడు కోటలాంటి తన గడికి తాళం వేసి పట్నం చేరాడు. నా వేళ్లు మాత్రం నా దగ్గరే ఉన్నాయి, వాటి కష్టంతోనే నా ఇల్లు గడుస్తోంది. అన్నం కలిపిన ప్రతిసారీ ఆయన గుర్తొస్తారు.

ఆయన సూర్యాపేట విడిచిన పొద్దున సామాను బండికెత్తి, షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మిషను తిరుగుతోంది. కొత్త మేస్త్రీ చూస్తున్నాడు. మా కళ్లు కారుతున్నా ఒక్కరమూ చెయ్యెత్తలేదు. ఉస్తాద్ ఒక్కొక్కరి చేతుల వంకే చూశారు.

"గట్లుండాలె" అని నవ్వి, బండెక్కారు.