కేరమెరి ఘాట్‌కు వెళ్తుంటే మొరాయించిన స్పార్క్ ప్లగ్గు

కేరమెరి ఘాట్ చూపిస్తానని మా ఆయన పన్నెండేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. తప్పు ఆయనది కాదు. దుబాయ్ నుంచి రెండేళ్లకోసారి నలభై రోజుల సెలవు మీద వస్తాడు. వేములవాడ మొక్కు, కొండగట్టు దర్శనం, చుట్టాల పెళ్లిళ్లు అయ్యేసరికి మళ్లీ సూట్‌కేసు సర్దాల్సి వస్తుంది. వచ్చే నెల మళ్లీ వస్తున్నాడు. ఈలోపు నేనే వెళ్లి దారి చూసి వస్తే, ఆ నలభై రోజుల్లో ఒకటి ఘాట్‌కు ఖాయం చేయొచ్చు అనుకున్నాను. నాకు కరీంనగర్‌లో చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఆదివారం సెలవు. బైకు ఆయనదే, పెళ్లికి ముందు తన మొదటి జీతాలతో కొనుక్కున్నది. నన్నెంత ప్రేమగా చూస్తాడో దాన్నీ అంతే ప్రేమగా చూస్తాడు, ఒక్కోసారి దానికే ఓ పిసరు ఎక్కువ.

బయలుదేరే ముందు రోజు ఆయిలు మార్చి, చైన్ తుడిచి, నూట ఇరవై రూపాయలు పెట్టి కొన్న కొత్త ప్లగ్గు వేద్దామని కూర్చున్నాను. పాతది కదల్లేదు. స్పానర్ మీద బరువంతా మోపినా ఉలుకూ పలుకూ లేదు. ఎన్నాళ్లనుంచో నడుస్తున్నదే కదా, ఇంకో రోజు నడవదా అని వదిలేశాను. కొత్త ప్లగ్గును మాత్రం బ్యాగులో వేసుకున్నాను. అంతమాత్రం బుద్ధి ఉన్నందుకు నన్ను నేనే మెచ్చుకోవాలి.

ఆదివారం పొద్దున్నే ఆరింటికి మూడు వందల రూపాయల పెట్రోలు పోయించుకుని బయలుదేరాను. పెద్దపల్లిలో ఇడ్లీ తిని, గోదావరిఖని దాటి, వంతెన మీద కాసేపు ఆగి నీళ్లు చూసి, మంచిర్యాల చేరేసరికి తొమ్మిది కావస్తోంది. అక్కడి నుంచే బండి దగ్గడం మొదలుపెట్టింది. బెల్లంపల్లిలోకి వచ్చేసరికి పది అడుగులకోసారి ఎగిరిపడుతోంది. రోడ్డు పక్కన ఒక మెకానిక్ రేకుల షెడ్డు కనిపిస్తే అక్కడే ఆపాను.

షెడ్డు యజమాని రాజలింగం కాకకు అరవై దాటి ఉంటాయి. బొగ్గు బాయి వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడట. అక్కడే కుడి భుజానికి దెబ్బ తగిలి ఆ చేతిలో బలం పోయిందట. ఆయన వంగి ప్లగ్గు చూస్తుంటే, టీ తాగుతున్న లారీ డ్రైవర్ ఒకాయన పొడుగాటి ఇనుప పైపు తెచ్చి, స్పానర్‌కు తొడిగి ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుందన్నాడు. కాక ఆ పైపు తీసుకుని గోడకు ఆనించాడు.

“పైపు పెడితె ప్లగ్గు ఒక్కటే రాదు. హెడ్డుల మరలు సుత ఊడొస్తయి. గప్పుడు గీ బండి ఇక్కడ్నే ఉంటది.”

ప్లగ్గు బిగిసే ఆ మరలు పోతే ఇంజిన్ పైభాగం, అదే హెడ్డు, మార్చాలి. ఘాట్ సంగతి దేవుడెరుగు, నెల రోజుల్లో వచ్చే మనిషికి ఆయన బండిని ఏ ముఖంతో చూపించాలి?

కాక ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపించి ఆపాడు. ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ఊది, తుప్పు వదిలించే నూనె నాలుగు చుక్కలు వేశాడు. ఇక ముప్పావు గంట దాన్ని ముట్టుకోవద్దన్నాడు. ఆ ముప్పావు గంటలో రెండు టీలు అయ్యాయి. దీన్ని ఇంత గట్టిగా బిగించిందెవరని అడిగాడు. మా ఆయనేనని, పోయినసారి దుబాయ్ వెళ్లే ముందు రోజు బండిలో ఉన్న ప్రతి బోల్టూ ఇలాగే బిగించి వెళ్లాడని చెప్పాను. కాక నవ్వాడు.

“పోయేటోళ్లు అన్ని గట్టిగ బిగిచ్చి పోతరు బిడ్డా. ఉన్నోళ్లు ఇప్పుకోవాలె గదా.”

నాకూ నవ్వు వచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ తిరిగాయి. గ్యాస్ పైపు, నల్లా, తలుపు గడియలు, ఆయన వెళ్లేముందు బిగించినవన్నీ గుర్తొచ్చాయి. బిగించిన ప్రతిదాన్నీ నేను తిట్టుకుంటూనే విప్పాను.

ఇంజిన్ గోరువెచ్చగా అయ్యాక కాక స్పానర్ నా చేతికిచ్చాడు, తన భుజం సహకరించదని. విప్పబోతుంటే ఆపి, ముందు ఇంకొంచెం బిగించమన్నాడు. నేను తెల్లబోయి చూశాను.

“జర బిగిస్తె పట్టిన తుప్పు ఇడుస్తది. ఎంటనే ఇప్పు. బలం పెట్టకు, చెవి పెట్టు.”

వెంట్రుకవాసి బిగించాను. టక్కుమంది. విరిగిందనుకుని నా చేయి ఆగిపోయింది. కాక మాత్రం తుప్పు వదిలిందన్నట్టు తల ఊపాడు. పావు చుట్టు విప్పడం, సగం వెనక్కి తిప్పడం, ఒక చుక్క నూనె. ఇలా ఎన్నిసార్లో లెక్కలేదు, చివరికి ప్లగ్గు నా వేళ్లలోకి వచ్చేసింది. కాక రంధ్రంలోకి టార్చి వేసి చూసి, మరలన్నీ మంచిగున్నాయన్నాడు. కొత్తదాన్ని వేళ్లతోనే ఆగేదాకా ఎక్కించి, ఆ తర్వాత స్పానర్‌తో అర చుట్టు తిప్పమన్నాడు. అంతే. కుట్టుమిషన్ దారం ఎక్కువ బిగిస్తే తెగుతుందని షాపులో అందరికీ చెప్పేదాన్ని, ఇనుముకూ అదే లెక్క అని తెలుసుకోవడానికి బెల్లంపల్లి దాకా రావాల్సి వచ్చింది. కాక నూటయాభై తీసుకున్నాడు.

పదకొండున్నరకు కదిలి, ఆసిఫాబాద్‌లో అన్నం తిని, కేరమెరి దాటేసరికి రెండయింది. ఘాట్ రోడ్డంతా టేకు చెట్లు, వాన కడిగిన పచ్చదనం, మలుపు మలుపుకీ మబ్బు. బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. ఒక మలుపు దగ్గర సిగ్నల్ దొరికితే ఆయనకు వీడియో కాల్ చేసి కొండలు చూపించి, ప్లగ్గు సంగతి చెప్పాను.

“నువ్వు తొవ్వల పరేషాన్ కావద్దనే గట్టిగ బిగిచ్చిన,” అన్నాడు.

ఆ సంగతి నాకు తెలుసన్నాను. పన్నెండేళ్లుగా ఆయన లేని రోజులన్నిటికీ సరిపడా ప్రేమను ఒక్క రోజులో బిగించి వెళ్తున్నాడు పాపం. వదులైతే ఏమవుతుందోనని ఆయనకు భయం, ఊడి రాకపోతే ఏం చేయాలోనని నాకు భయం. ఇద్దరం ఇన్నాళ్లూ ఒకే బండి గురించి చెరో వైపు నుంచి భయపడ్డాం.

ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక్క సలహా. బయలుదేరే ముందు రోజు కాదు, వారం ముందే ప్లగ్గు విప్పి చూసుకోండి. కొత్తది వేస్తే ఆగేదాకా వేళ్లతో, ఆపైన స్పానర్‌తో అర చుట్టు మాత్రమే. వచ్చే నెల వచ్చి ప్లగ్గు విప్పి చూసి మళ్లీ వేసేటప్పుడు, వేళ్లతో ఎక్కేదాకా ఆయన్నే ఎక్కించమన్నాను. ఆ చివరి అర చుట్టు మాత్రం, ఆయన వెళ్లాక ఆ బండి నడిపేది నేనే కాబట్టి, నేనే తిప్పుతాను.