తుమ్ముకీ నిద్రకీ మధ్య గడ్డం కత్తి

మా బావ తుమ్మితే వీధి చివర ఆగి ఉన్న కారులో పసిపాప ఉలిక్కిపడి ఏడుస్తుంది. వేళాకోళానికి అనడం లేదు, జరిగిందే చెబుతున్నాను. పైగా ఒక్క తుమ్ముతో ఆగితే అది తుమ్మే కాదని ఆయన ఒళ్లు ఎప్పుడో తీర్మానించుకుంది. ఒకటి మొదలైతే ఊపిరి తీసుకోనివ్వకుండా వరసకట్టి వస్తాయి. కళ్లు చింతనిప్పులవుతాయి. ముక్కు కుళాయి అవుతుంది. అంగిట్లో దురద పుట్టి నాలుకతో టకటకమనిపిస్తూ ఉంటాడు. ఏ గుమాస్తానో అయితే రుమాలు అడ్డం పెట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చేవాడు. కానీ మా బావ చేసే పని పదిమంది గొంతుల మీద కత్తి నడపడం.

సెలూను ఆయన సొంతం. పొడవాటి అద్దం, దాని ముందు రెండు కుర్చీలు, మూలన వేణ్ణీళ్ల గిన్నె, గోడకి వేలాడే తోలు పట్టీ. ఆ పట్టీ మీద కత్తిని అటూ ఇటూ లాగి పదును పెడుతుంటే వచ్చే చప్పుడు పక్కనే ఉన్న నా తాళంచెవుల కొట్లోకి వినిపిస్తుంది. మా అక్కని ఆయనకిచ్చి పెళ్లి చేసినప్పటినుంచీ ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. జుట్టు కోసం కుర్రాళ్లు ఎదురుగా ఉన్న గాజు తలుపుల దుకాణాలకి పోతారు. మా బావ దగ్గరికి వచ్చేవాళ్లు గడ్డం కోసం వస్తారు. నురగ మెత్తగా పట్టించి, చెంప మీద వేలు ఆనించి చర్మం కాస్త లాగి, కత్తిని అలా జారవిడిచాడంటే కూర్చున్నవాడికి కునుకు పట్టాల్సిందే. ఆ చేతికి జనం పెట్టిన పేరు వెన్నచెయ్యి. క్రమంగా మనిషికీ అదే పేరైపోయింది.

వీధికి రెండు పక్కలా నీడ కోసమని ఎవరో మహానుభావులు చెట్లు నాటించారు. చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజుల్లో అవి పూస్తాయి. ఆ పువ్వులు తలెత్తి వెతికినా కంటికి ఆనవు గానీ, వాటి పొడి మాత్రం బళ్ల సీట్ల మీద పసుపు చల్లినట్టు పరుచుకుంటుంది. ఇంకెవరికీ ఏమీ కాదు. అందరూ హాయిగా ఆ నీడన నడుచుకుంటూ పోతారు. ఆ పొడికి మా బావ ఒక్కడే దొరికాడు.

ఇన్నేళ్లూ ఆయన్ని కాపాడింది ఒక విద్య. తుమ్ము వచ్చే ముందు ముక్కు మొదట్లో చిన్న చురుకు పుడుతుందట. అది తెలియగానే కత్తి పైకి లేస్తుంది, మోచెయ్యి బయటికి పోతుంది, మొహం గోడవైపు తిరుగుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. తుమ్ముల వరస ముగిసేదాకా కూర్చున్నాయన నురగతో అలాగే ఉంటాడు. పాతవాళ్లకి ఇది అలవాటే. చేతులు వణికి సొంతంగా గడ్డం గీసుకోలేని మేష్టారు ఒకాయన ఉన్నారు, బడి నుంచి రిటైరై చాలా కాలమైంది. "కానివ్వవయ్యా, నాకేం గంట కొట్టరు ఇప్పుడు" అనేవారు కళ్లు మూసుకునే.

ఈ ఏడు ఆ చురుకు మొరాయించింది. చెప్పకుండానే తుమ్ము వచ్చేసింది. కొత్తగా వచ్చిన ఒకతని దవడ కింద కత్తి సన్నగా గీరుకుని రక్తం వచ్చింది. అతను సగం గడ్డంతో లేచి, వీధిలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. బావ లోపలికి వచ్చి వేణ్ణీళ్లలో కత్తి కడుగుతూ ఉండిపోయాడు. చాలాసేపు కడిగాడు.

సాయంత్రం మందుల షాపు నుంచి ఒక మాత్రల అట్ట తెచ్చుకున్నాడు. మాత్ర చూస్తే ఆవగింజకి అన్నలా ఉంది. దాని పని మాత్రం ఘనమైంది. తుమ్ములు ఠక్కున ఆగాయి. మర్నాడు మా అక్క నా కొట్టు ముందుకొచ్చి నిలబడింది.

"ఏంట్రా ఇది? మీ బావ అన్నం ముందు కూర్చుని ముద్ద చేతిలో పట్టుకునే నిద్రపోయారు. లేపితే, నేనెక్కడ పడుకున్నానూ అంటున్నారు."

"పోనీలే అక్కా, నీ వంట తినే బాధ తప్పించుకున్నాడు."

"నీ వేళాకోళం తగలెయ్య. ఆ మనిషి కత్తి పట్టుకుంటారురా."

నిజమే. మాత్ర వేసుకోకపోతే తుమ్ములు, వేసుకుంటే మత్తు. మాత్ర విరిచి సగం వేసుకుని చూశాడు. సగం మత్తు, సగం తుమ్ములు వచ్చాయి. రాత్రే మింగి చూస్తే పొద్దున్న లేచాక కూడా తలలో దూది కుక్కినట్టుందన్నాడు. మూతికి గుడ్డ కట్టాడు, తలుపులు బిగించాడు, ఫ్యాను ఆపాడు. వచ్చినవాళ్లు ఉక్కపోతకి తట్టుకోలేక లేచిపోయారు. మాత్రవైపే మొగ్గడం తప్ప దారి లేకపోయింది. అప్పుడు ఆయనకో ఆలోచన వచ్చింది. రోజూ కొట్టు తెరవగానే మొదటి గడ్డం నాది చేస్తాడట. తన చెయ్యి బాగుందో లేదో నా మొహం మీద తెలిసిపోతుందట.

"ఊరందరి గొంతులూ కాపాడ్డానికి నా గొంతు దొరికిందా నీకు?" అన్నాను.

"బామ్మర్దులున్నది ఇంకెందుకురా?" అన్నాడు. ఆ కాలమంతటిలో ఆయన నవ్వింది ఆ ఒక్కసారే అనుకుంటా.

నిజానికి నాకు భయమనేదే లేదు. అది వెన్నచెయ్యి కదా. ధీమాగా కూర్చునేవాణ్ణి. మొదటి కొద్దిరోజులూ బాగానే సాగింది.

ఆ రోజు కూడా మామూలుగానే రెండు చెంపలకీ నురగ పట్టించాడు. ఎడమ చెంప అయింది. తల వెనక్కి వాల్చి, గడ్డం కింద కత్తి ఆనించాడు. అక్కడే ఆగాడు. తుమ్ము వస్తోందేమోనని నేనూ ఆగాను. తుమ్ము రాలేదు, కత్తీ లేవలేదు. చల్లటి అంచు నా గొంతు మీద అలాగే ఆని ఉంది. అది మెల్లమెల్లగా బరువెక్కుతోంది. నేను కళ్లు మాత్రం తిప్పి అద్దంలో చూశాను. మా బావ నిలబడే ఉన్నాడు. రెప్పలు మూతపడి ఉన్నాయి, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిలుద్దామంటే గొంతు కదులుతుంది. గుటక వేద్దామన్నా కదులుతుంది. చెయ్యెత్తి ఆయన మణికట్టు పట్టుకుందామంటే ఉలిక్కిపడితే నా గతేంటి? ఎంతసేపు అలా ఉన్నానో నాకు తెలియదు. బయట ఎవరో బండి హారన్ కొట్టారు. ఆయన కళ్లు తెరిచి, ఏమీ జరగనట్టు కత్తిని పైకి నడిపాడు.

"బావా, ఆగు. నిద్రపోయావు."

"నేనా? రెప్ప వేశానంతే."

"నిలబడి నిద్రపోయావు. కత్తి నా పీక మీదుంది."

"బెదిరిపోయి ఏదేదో మాట్లాడుతున్నావు. కూర్చో, ఇంకో చెంపుంది" అంటూ కుడి చెంప మీద వేలు ఆనించాడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

నురగ ఎండిపోయి ఉంది. తడి లేదు, మెత్తదనం లేదు, వేలికి పొడిలా అంటింది. తన నురగ ఎంతసేపటికి ఎండుతుందో మా బావకి నేనేం చెప్పక్కర్లేదు. జీవితమంతా అది కలిపినవాడు. ఆ వేలిని కళ్ల దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. ఆ తర్వాత కత్తి మడిచి బల్ల మీద పెట్టి, కుర్చీ చెయ్యి పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"ఇంతసేపా?" అన్నాడు. "ఒరేయ్, నాకసలు తెలియనే లేదురా."

ఆ మాటలో ఉన్న భయం నేనింతవరకూ ఏ మనిషి గొంతులోనూ వినలేదు.

అక్కడితో ఆగి డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే నేనిది రాసే పని ఉండేది కాదు. నేను చెప్పాను, అక్క కాళ్లావేళ్లా పడింది. వింటేగా! మా బావకి ఒక్క సంగతే అర్థమైంది: నిద్ర పట్టకూడదు. మందుల షాపుకి వెళ్లి నిద్ర రాని మందు కావాలన్నాడు. వాళ్లు జలుబుకి వాడే మాత్ర ఒకటిచ్చారు, ముక్కు బిగిస్తే తెరిపిస్తుంది, నిద్ర కూడా రానివ్వదన్నారు. దాన్ని మొదటి మాత్ర మీద కలిపి వేసుకున్నాడు. ఒకటి తుమ్ము ఆపుతుంది, రెండోది నిద్ర ఆపుతుందని ఆయన లెక్క. పైన చిక్కటి కాఫీ. నాలుక అట్టకట్టుకుపోతోందని చెంబుల కొద్దీ నీళ్లు.

నిద్ర నిజంగానే పోయింది. దాంతోపాటే నిలకడ కూడా పోయింది. గుండె దడదడ కొట్టుకుంటోందన్నాడు. చేతివేళ్లు సన్నగా వణకడం నేనే చూశాను. వెన్నచెయ్యి వణకడం! గడ్డానికి వచ్చినవాళ్లని "రేపు రండి" అని పంపించేశాడు. మేష్టారు వచ్చి కూర్చోబోతే "మీరు కూడా రేపే" అన్నాడు. ఆ రేపు వచ్చేసరికి ఇంకో ఉపద్రవం వచ్చిపడింది.

పొద్దుటినుంచీ మనిషి అదోలా తిరుగుతున్నాడు. మాటిమాటికీ కొట్టు వెనక బాత్రూములోకి పోతున్నాడు, చెమటలు కక్కుతూ బయటికొస్తున్నాడు. అడిగితే ఏం లేదంటాడు. కూర్చోలేడు, నిలబడలేడు. మధ్యాహ్నానికి నడుం వంగిపోయి, గోడకి తల ఆనించి, చిన్నపిల్లాడిలా మూలగడం మొదలుపెట్టాడు.

"బావా, చెప్పకపోతే అక్కని పిలుస్తా."

"పిలవకు. దానికి చెప్పకు." పళ్లు బిగపట్టి చెవిలో చెప్పాడు. "రాత్రినుంచీ ఒంటికి పోవడం లేదురా. చుక్క కూడా రావడం లేదు. చచ్చిపోయేలా ఉన్నాను."

ఆ బాధలో కూడా సిగ్గే! ఆ క్షణంలో ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలో ప్రతి గతుకుకీ నా భుజం కొరికాడు.

గొట్టం వేశాక గానీ మనిషికి ప్రాణం లేచిరాలేదు. డాక్టరమ్మ చిన్నవయసు మనిషే. రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూసి తల పట్టుకుంది. ఈ వయసులో మగవాళ్లకి లోపల గ్రంథి ఉబ్బి ఉంటుందనీ, మొదటి మాత్రకి మూత్రం దారి బిగుస్తుందనీ, రెండోది ఇంకా బిగిస్తుందనీ, పైన ఆ నీళ్లన్నీ తాగితే ఎక్కడికి పోతాయనీ మెల్లగా చెప్పింది. రెండూ మానేయమంది. ముక్కులో కొట్టుకునే మందు రాసింది. అది గుణం చూపడానికి కొంత సమయం పడుతుందట, వచ్చే ఏడు చెట్లు పూయకముందే మొదలుపెట్టాలట.

"ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు బావ.

"మీరు ఎవరినైనా అడిగారా?" అంది ఆవిడ. బావ తల దించుకున్నాడు.

"అప్పటికీ తుమ్ములు ఆగకపోతే ఇంకో మాత్ర ఉంది. దానితో చాలామందికి మత్తు రాదు."

"చాలామందికి అంటే?"

"కొందరికి రావచ్చు."

"నేను ఆ కొందరిలో ఉన్నానో లేదో ఎలా తెలుస్తుంది?"

"మీకే తెలుస్తుందండీ."

బావ నావైపు చూశాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను. "నాకు తెలియదమ్మా," అన్నాడు. "నా చేతిలో కత్తి ఉన్నప్పుడే నాకు తెలియలేదు."

గొట్టం తీసేశారు. కొన్నాళ్లకి ముక్కులో మందు పనిచేసింది. ఆ కొత్త మాత్ర ముట్టనన్నాడు, ముట్టలేదు కూడా. తుమ్ములు ఒకటీ అరా మిగిలాయి, ఆ పాత చురుకు కూడా తిరిగొచ్చింది. ముందే తెలుస్తోందని సంబరపడిపోయాడు. కానీ కొట్టు తెరవలేదు. గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూస్తూ ఉండేవాడు. మేష్టారికి గడ్డం గుబురుగా పెరిగింది. ఇంకెవరి దగ్గరికీ వెళ్లనని భీష్మించుకున్నారు.

"నాకు నమ్మకం ఉందయ్యా నీ మీద" అన్నారు ఒకరోజు బావతో.

"మీకుంటే సరిపోదు మేష్టారూ. నాకు ఉండాలిగా."

చివరికి మా అక్కే తేల్చింది. "తమ్ముణ్ణి కూర్చోబెట్టి చూసుకోండి. వాడికి సరిగ్గా చేయగలిగితే అందరికీ చేయగలరు." మేష్టార్ని మర్నాడు పొద్దున్నే రమ్మని కబురు పెట్టాడు బావ.

పొద్దున్నే కొట్టు తెరిచాం. ఆయన కళ్లు తేటగా ఉన్నాయి. చెయ్యి చాపి చూపించాడు, కాస్తయినా వణుకు లేదు. తోలు పట్టీ మీద కత్తి పదును పెడుతుంటే ఆ చప్పుడుకి నా కళ్లు చెమర్చాయి. బావ తిరిగొచ్చాడనుకున్నాను.

"భయంగా ఉందా?" అన్నాడు నురగ పట్టిస్తూ.

"నీ మొహం. కానివ్వు."

అబద్ధమాడలేదు. నాకు భయం లేదనే అనుకున్నాను. ఎడమ చెంప సాఫీగా అయింది. అదే పాత హాయి. తల వెనక్కి వాల్చాడు. కత్తి అంచు గొంతు మీద ఆనింది.

నా మెడ చటుక్కున పక్కకి తప్పుకుంది. నన్ను అడగలేదు, నాకు చెప్పలేదు. కత్తి ఆయన సమయానికి ఎత్తాడు కాబట్టి నాకేమీ కాలేదు. మళ్లీ తల వాల్చాను, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను, కళ్లు మూసుకున్నాను. అంచు ఆనగానే మెడ మళ్లీ తప్పుకుంది.

"ఇంకొక్కసారి బావా. నాకేదో..."

"వద్దులేరా."

కోపం లేదు ఆ గొంతులో. చేతి గుడ్డతో కత్తి అంచు శుభ్రంగా తుడిచి మడిచాడు. ఇన్ని తుమ్ములూ ఇన్ని మాత్రలూ చేయలేని పని నా మెడ చేసింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయన నావైపు చూడకుండా వేణ్ణీళ్లు సింకులో పారబోశాడు.

"మేష్టారు వచ్చినట్టున్నారు. వెళ్లి చెప్పు."

"ఏమని చెప్పను?"

ఆయన ఖాళీ గిన్నె బోర్లించాడు. నేను బయటికి వెళ్లాను. మేష్టారు మెట్టు మీద ఒక కాలు పెట్టి, లోపలికి రాబోతూ, నా మొహం చూసి ఆగారు. నా కుడి చెంప నిండా నురగ అలాగే ఉంది. ఆయన పెరిగిన గడ్డాన్ని వణికే చేత్తో ఒకసారి తడుముకుని, మెట్టు దిగి వెళ్లిపోయారు.